రిపోర్టు నిండా పాజిటివ్‌లే, ఇన్ని జబ్బులా డాక్టర్ గారూ?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. సీడీ. రక్తకణాల మీద ఉండే గుర్తులకి పెట్టిన పేర్లివి. సీడీ10, సీడీ34, సీడీ4 అంటూ బండి నంబర్లలాగా రిపోర్టు నిండా ఉంటాయి, కూర్చోబెట్టి చెప్పేవాళ్లుండరు, ఫోన్లో వెతికితే ఉన్న భయం రెట్టింపవుతుంది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఆపి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. జ్వరం తగ్గక, ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తుంటే ఒంగోలులో సీబీపీ చేయించాం. అక్కడి నుంచి చెన్నై పంపారు. ఎముక మూలుగ తీసి పరీక్ష చేసి బ్లడ్ క్యాన్సర్, బి-ఏఎల్‌ఎల్ అన్నారు, మందులు మొదలుపెట్టారు. రిపోర్టులో సీడీ10, సీడీ19, సీడీ34, టీడీటీ అన్నీ పాజిటివ్ అని ఉంది, సీడీ3 ఒక్కటే నెగటివ్. ఇన్ని పాజిటివ్‌లంటే బాబుకి ఇన్ని జబ్బులున్నట్టా? వారం నుంచి కంటి మీద కునుకు లేదు.
– ఒక తల్లి, పొదిలి

జవాబు: అమ్మా, ఆ పాజిటివ్‌లు జబ్బుల లెక్క కాదు. మీ బాబుకి ఉన్నది ఒకటే జబ్బు, దాని పేరు మీ డాక్టరు గారు చెప్పేశారు. పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్లలో ఎక్కువ కనిపించేది ఇదే, బాగా నయమయ్యే వాటిలోనూ ఇదే ముందుంటుంది. ఈ రాత్రికి ఇంతవరకు చదివి పడుకోండి, మిగతాది రేపు తీరిగ్గా చదువుకోవచ్చు.

మీది పొదిలి కాబట్టి మీకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. సంతలో ఒంగోలు గిత్తని బేరమాడే రైతు ముందు ఏం చేస్తాడు? ముక్కుతాడు పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి పళ్లు చూస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా. అమ్మేవాడు వయసు ఎంత చెప్పినా వినిపించుకోడు. తిరునాళ్లలో బండలాగుడు పందేలకి జతల్ని విడదీసేదీ ఆ లెక్కనే కదా. చిన్న పాలపళ్లు రెండేసి ఊడుతుంటే వాటి చోట వెడల్పాటి పళ్లు వస్తుంటాయి, ఆ నోరు చూస్తే గిత్త ఎదుగుదల ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది.

రక్తకణం పైపొర మీద కూడా ఇలాంటి గుర్తులే ఉంటాయి. వాటిని యాంటిజెన్లంటాం, ల్యాబ్‌లో మేము మార్కర్లు అనేస్తాం. ఒక్కోదానికి ఒక సీడీ నంబరు. మూలుగలో పుట్టే మూలకణం మీద సీడీ34 ఉంటుంది, అది పాలపన్ను అనుకోండి. ఆ కణం బి-లింఫోసైట్ (ఒక రకం తెల్లకణం, పొట్టిగా బి-కణం) అయ్యే దారి పట్టగానే సీడీ19 వస్తుంది, సీడీ10 దట్టంగా ఉంటుంది, లోపల కేంద్రకంలో టీడీటీ అనే ఎంజైము పని చేస్తుంటుంది (ఇది పైపొర మీద ఉండదు, అయినా లేత కణానికి గుర్తు కాబట్టి కలిపి చూస్తాం). ఇంకాస్త ఎదిగేసరికి సీడీ34, టీడీటీ పోతాయి, సీడీ10 పలచబడుతూ ఉంటే సీడీ20 చిక్కబడుతూ ఉంటుంది. చివరికి సీడీ10 కూడా రాలిపోయి, ఐజీఎం, ఐజీడీ అనే యాంటీబాడీలు ఒంటి మీద మోసుకుంటూ ఆ కణం రక్తంలోకి వస్తుంది. ఈ దారి పొడుగునా సీడీ19 మాత్రం ఉంటూనే ఉంటుంది. అది వయసు చెప్పదు, వంశం చెబుతుంది, మూపురం చూసి ఇది ఒంగోలు జాతి అని చెప్పినట్టు.

ఇప్పుడు మీ రిపోర్టు మీరే చదవండి. సీడీ19 ఉంది, అంటే బి-కణాల వంశం. సీడీ3 లేదు, అంటే ఇంకో రకం తెల్లకణాలైన టి-కణాలు కాదు. సీడీ34, టీడీటీ, సీడీ10 ఉన్నాయి, అంటే ఇంకా పాలపళ్ల దశలోనే ఉన్న కణాలు. కాగితం చెబుతున్నది ఇదే.

మరి ఆరోగ్యంగా ఉన్న పిల్లల మూలుగలో ఈ గుర్తులుండవా అంటే, ఉంటాయి. మందలో దూడలు లేకుండా ఎలా? కాకపోతే అవి ఎదిగి వెళ్లిపోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఈ జబ్బులో కణం ఒక దశ దగ్గరే ఆగిపోతుంది, ఎదగదు, కానీ తనలాంటి వాటిని పుట్టిస్తూనే ఉంటుంది. వాటితోనే మూలుగ నిండిపోయేసరికి ప్లేట్‌లెట్లకి చోటు ఉండదు, అందుకే మీ బాబుకి కమిలిన మచ్చలు. ఎదిగిన తెల్లకణాలకీ చోటు ఉండదు, అందుకే ఆ వదలని జ్వరం.

ఈ తేడా పుస్తకంలో చదివి దాటేశాను, నాకు నిజంగా అర్థమైంది ఒక పిల్లాడి మూలుగ చూసిన రోజు. చదువుకునే రోజుల్లో, వైరస్ జ్వరం తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయిన ఒక నాలుగేళ్ల బాబు శాంపిల్ వచ్చింది. సీడీ10, సీడీ19 ఉన్న కణాలు చాలా కనిపించాయి. నేను కాగితం మీద లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, అనుమానం అని రాసేశాను. మా ప్రొఫెసర్ గారు ఆ కాగితం పక్కన పెట్టి, నన్ను కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టారు. ఒక్కో కణం ఒక్కో చుక్క, అడ్డంగా సీడీ20, నిలువుగా సీడీ10. ఆ చుక్కలు ఒకచోట ముద్దగా లేవు, పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, పెన్న ఇసుకలో నీటి పాయ వంపు తిరిగినట్టు సాగి ఉన్నాయి. అంటే లేతవీ ఉన్నాయి, కాస్త ఎదిగినవీ ఉన్నాయి, పూర్తిగా ఎదిగినవీ ఉన్నాయి, నడక ఆగలేదు. జ్వరం నుంచో కీమో నుంచో మూలుగ తేరుకునేటప్పుడు పిల్లల్లో ఇలా లేత బి-కణాలు గుంపులుగా వస్తాయి, వాటిని హెమటోగోన్లంటారు. లుకేమియా అయితే ఆ దారికి పక్కగా, ఒకేచోట, బిగుసుకున్న ముద్దలా కనిపిస్తుంది. నేను రాసిన కాగితం ఆ తల్లిదండ్రుల చేతికి వెళ్లుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. పిల్లల మూలుగ వచ్చిన రోజు నేను తొందరపడను.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మొదటి విడత మందులు అయ్యాక, అంటే దాదాపు నెలకి, మళ్లీ మూలుగ తీసి ఎంఆర్‌డీ పరీక్ష చేస్తారు. పదివేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణం మిగిలినా పట్టుకునే పరీక్ష అది, రిపోర్టులో 0.01 శాతం అని కనిపించేది ఆ గీతే. అప్పుడు కూడా సీడీ10, సీడీ19 అనే మాటలు కాగితం మీద ఉండొచ్చు. అవి చూసి జబ్బు తిరగబెట్టిందని కంగారు పడకండి, తేరుకుంటున్న మూలుగలో మంచి లేత కణాలు కూడా ఉంటాయి. క్యాన్సర్ కణాన్ని వాటిలో నుంచి ఎలా ఏరతారంటే, దాని గుర్తులు వయసుకి తగ్గట్టు ఉండవు. సీడీ10 ఉండాల్సినదానికంటే మరీ దట్టంగా ఉంటుంది, లేకపోతే వేరే వంశానికి చెందిన సీడీ13, సీడీ33 లాంటివి తగిలించుకుని ఉంటుంది. పాలపళ్ల నోట్లో ఒక ముసలి పన్ను కనిపించినట్టు. మొదటి రోజు రిపోర్టులో ఆ తేడా రాసి ఉంటారు కాబట్టి ఆ కాగితం ఎప్పుడూ ఫైల్లోనే ఉంచండి, ఆసుపత్రి మారినా సరే.

ఇంకొక్కటి, ఇది బతిమాలి చెబుతున్నాను. ఈ చికిత్స రెండేళ్లు, ఒక్కోసారి రెండున్నరేళ్లు సాగుతుంది. నెలా రెండు నెలల్లో బాబు మామూలుగా ఆడుకుంటాడు, తర్వాత జుట్టు కూడా వస్తుంది, అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఇంకా చెన్నై తిరగడం ఎందుకు, పసరు మందు వేయిద్దాం అంటారు. వద్దమ్మా. ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదికి తొమ్మిది మంది దాకా బతికి బట్టకడుతున్నారు, మన దగ్గర ఆ లెక్క తగ్గడానికి మధ్యలో మానేయడం ఒక పెద్ద కారణం. జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఫోన్ చేసి బయల్దేరండి.

ప్రశ్న: సార్, నేను ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదువుతున్నాను. ఈ సీడీ నంబర్లు ఎవరు పెట్టారు? ఒక వరసలో లేవు, సీడీ34 ముందు వచ్చి సీడీ20 తర్వాత రావడమేంటి? ఎన్ని అని గుర్తుపెట్టుకోవాలి?
– విద్యార్థి, ఒంగోలు

జవాబు: 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు, 1984లో జెర్నెతో కలిపి వాళ్లకి నోబెల్ వచ్చింది. ఆ పద్ధతి చేతికందగానే ప్రతి ల్యాబూ తెల్లకణాల మీద తన యాంటీబాడీలు తాను చేసుకుని తనకి తోచిన పేర్లు పెట్టుకుంది. ఒక ల్యాబ్‌లో టీ4 అన్నదాన్ని ఇంకో ల్యాబ్‌లో లియూ3 అనేవాళ్లు, రెండూ పట్టుకునేది ఒకటే ప్రొటీన్ని. ఈ గందరగోళం తీర్చడానికి 1982లో పారిస్‌లో అందరూ కూర్చుని, ఒకే తీరుగా ఒకే కణాల్ని పట్టుకునే యాంటీబాడీల్ని గుంపులు చేసి నంబర్లు ఇచ్చారు. క్లస్టర్ ఆఫ్ డిఫరెన్షియేషన్, పొట్టిగా సీడీ. గుర్తించిన వరసలో నంబరు పడింది తప్ప కణం వయసు వరసలో కాదు, ఊళ్లో ఇళ్లకి వీధి వరసలో కాకుండా కట్టిన వరసలో నంబర్లు వేసినట్టు. ఇప్పుడు 370 దాటాయి.

అన్నీ బట్టీ పట్టకు నాయనా. ఒక తెల్లకాగితం మీద ఒక్కో వంశానికి ఒక్కో గీత గీసి, ఏది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో రాసుకో, దాని పక్కన ఎందుకు అని రాసుకో. ఆ ఎందుకు తెలిస్తే మర్చిపోవు. ఎర్రకణాన్నే తీసుకో. లేతగా ఉన్నప్పుడు దాని మీద సీడీ71 ఒత్తుగా ఉంటుంది. సీడీ71 అంటే ఇనుము మోసుకొచ్చే ట్రాన్స్‌ఫెరిన్‌ని లోపలికి లాక్కునే కొక్కెం. ఒక్క ఎర్రకణంలో పాతిక కోట్లకి పైగా హిమోగ్లోబిన్ అణువులుంటాయి, ఒక్కోదానికి నాలుగు ఇనుము పరమాణువులు కావాలి, మరి అంత ఇనుము రావాలంటే అన్ని కొక్కేలు ఉండాల్సిందే. హిమోగ్లోబిన్ నిండాక కణం కేంద్రకాన్ని బయటికి తోసేస్తుంది, ఇంకొన్నాళ్లకి ఆ కొక్కేల్ని కూడా చిన్న చిన్న బుడగల్లో మూటగట్టి వదిలేస్తుంది, పెళ్లయ్యాక పందిరి విప్పేసినట్టు. ఎదిగిన ఎర్రకణం మీద సీడీ71 ఉండదు, గ్లైకోఫోరిన్-ఏ, అంటే సీడీ235ఏ, మాత్రం చివరిదాకా ఉంటుంది. న్యూట్రోఫిల్ (క్రిములతో పోరాడే తెల్లకణం) గీత మీద సీడీ13, సీడీ33 ముందు, సీడీ11బి ఆ తర్వాత, సీడీ16 చివర్లో చిక్కబడుతుంది. సీడీ11బి ఉంటేనే అది రక్తనాళం గోడకి అతుక్కుని బయటికి దూకగలదు, మూలుగలో ఉన్న పసికణానికి ఆ పని లేదు.

నాకు వీటన్నిటిలో టి-కణాల కథ ఇష్టం. థైమస్ గ్రంథిలోకి వచ్చేటప్పుడు వాటి మీద సీడీ4 ఉండదు, సీడీ8 ఉండదు. తర్వాత రెండూ ఒకేసారి వస్తాయి. అప్పుడు పరీక్ష మొదలవుతుంది: మన ఒంటి కణాల్ని గుర్తుపట్టలేనివి చచ్చిపోతాయి, మన ఒంటినే గట్టిగా పట్టుకునేవీ చచ్చిపోతాయి. మిగిలే ఆ కొద్దిపాటి కణాలే రెండింట్లో ఒకటి వదిలేసి, ఏదో ఒక్కదానితో బయటికొస్తాయి. బయటికొచ్చాక కూడా మార్పు ఆగదు, ఇంకా ఏ క్రిమినీ చూడని కణం మీద సీడీ45ఆర్ఏ రూపం, ఒకసారి క్రిమిని ఎదుర్కొని గుర్తుపెట్టుకున్న కణం మీద సీడీ45ఆర్ఓ రూపం ఉంటుంది.

ఒక పని మాట కూడా. రేపు నువ్వు శాంపిల్ పంపేవాడివి అవుతావు. ఫ్లో సైటోమెట్రీకి, అంటే ఒక్కో కణం మీద ఈ గుర్తులు చూసే పరీక్షకి, కణాలు బతికి ఉండాలి. ఈడీటీఏ ట్యూబులోనో హెపారిన్ ట్యూబులోనో తీసి, ఒక్క రోజులో ల్యాబుకి చేరేలా చూడు, ఫ్రీజర్లో పెట్టకు, ఫార్మలిన్ తగలనివ్వకు. మన దగ్గర రోహిణీ కార్తెలో శాంపిల్ డబ్బాని బస్సు డిక్కీలో పడేసి చెన్నైకో హైదరాబాదుకో పంపితే అందులో కణాలు దారిలోనే చచ్చిపోతాయి, చచ్చిన కణం ఏ యాంటీబాడీ వేసినా అంటించుకుంటుంది, తెర మీద అన్నీ పాజిటివ్‌గా కనిపిస్తాయి. ఎంఆర్‌డీకి అయితే మూలుగ తీసేటప్పుడు సిరంజిలోకి వచ్చే మొదటి లాగుడే పంపాలి, తర్వాతి లాగుళ్లలో రక్తం కలిసి లెక్క తప్పుతుంది.

ప్రశ్న: మా నాన్నకి 62 ఏళ్లు, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్). రిటుక్సిమాబ్ ఇస్తున్నారు. అది బి-కణాలన్నిటినీ చంపుతుందట కదా, ఇక ఒంట్లో రోగనిరోధక శక్తి అంటూ మిగలదా? అవి మళ్లీ వస్తాయా?
– కావలి నుంచి

జవాబు: వస్తాయండి. మొదటి ప్రశ్నకి రాసిన దారి ఒకసారి గుర్తుచేసుకోండి. ఈ మందు సీడీ20 ఉన్న కణాన్నే పట్టుకుంటుంది. సీడీ20 మధ్యలో వచ్చి మధ్యలో పోయే గుర్తు: మూలకణం మీద ఉండదు, బాగా లేత బి-కణం మీద ఉండదు, ఆ చివర యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణం అయ్యాక కూడా ఉండదు. 1997లో అమెరికాలో అనుమతి వచ్చిన ఈ మందు ఇన్నేళ్లుగా నిలబడింది ఆ ఖాళీల వల్లే. విత్తనం మిగులుతుంది కాబట్టి మందు ఆపిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు చాలామందిలో బి-కణాలు మళ్లీ వస్తాయి. ప్లాస్మా కణాలు మిగులుతాయి కాబట్టి పాత టీకాల వల్ల వచ్చిన రక్షణ చాలావరకు అలాగే ఉంటుంది. ఎక్కువ కాలం పదే పదే వాడితే యాంటీబాడీలు తగ్గే వీలుంది, అది డాక్టరు గారు పరీక్షల్లో చూస్తుంటారు.

జాగ్రత్త పడాల్సినవి రెండు. మందు మొదలుపెట్టేముందు హెపటైటిస్-బి పరీక్ష చేశారో లేదో ఈరోజే కనుక్కోండి, ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్ ఈ మందుతో లేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ముందే తెలిస్తే ఆపే మాత్రలున్నాయి. రెండోది, మందు నడుస్తున్నప్పుడు వేసే కొత్త టీకాలు సరిగా పట్టవు, ఎప్పుడు వేయించాలో డాక్టరు గారినే అడగండి, మీ అంతట మీరు వేయించొద్దు.

మీరు అడగలేదు గానీ, ప్లాస్మా కణాల క్యాన్సర్ మైలోమాకి రిటుక్సిమాబ్ ఎందుకు ఇవ్వరో కూడా ఇందులోనే ఉంది. అక్కడ గుర్తులు సీడీ38, సీడీ138, దానికి సీడీ38ని పట్టే డారాటుముమాబ్ ఉంది. సీడీ19ని గురిపెట్టే కార్-టి చికిత్సకి (రోగి టి-కణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపే పద్ధతి) 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది, ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్లు కలిసి చేసిన పని అది, గర్వంగా ఉంటుంది. కొందరిలో క్యాన్సర్ కణం ఆ సీడీ19నే వదిలేసుకుని తప్పించుకుంటుంది, ఇప్పుడు పరిశోధకుల పోరాటం దాంతోనే.

ప్రశ్న: సీడీ4 పరీక్ష అంటేనే హెచ్‌ఐవీ అని మా వీధిలో అనుకుంటున్నారు. నిజమేనా?
– పేరు వద్దు, కందుకూరు

జవాబు: సీడీ4 అందరి ఒంట్లోనూ ఉండే గుర్తు, పైన టి-కణాల కథలో చెప్పాను. హెచ్‌ఐవీ ఆ గుర్తునే తలుపుగా వాడుకుని కణంలోకి దూరుతుంది, అందుకే ఆ లెక్క చూస్తారు. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 500 నుంచి 1500 దాకా ఉంటాయి, 200 కంటే తగ్గితే ఇతర జబ్బులు మీద పడతాయి. మందులు వాడుతుంటే ఈ లెక్క పెరుగుతుంది. మన దేశంలో 2017 నుంచి లెక్క ఎంత ఉన్నా మందులు వెంటనే మొదలుపెడుతున్నారు. మీరు వాడుతున్నారేమో, అయితే ఒక్క రోజు కూడా మానొద్దు. మీ ఆరోగ్యం మీది, వీధికి సంజాయిషీ అక్కర్లేదు.

ప్రశ్న: మా మనవరాలు పుట్టినప్పుడు కార్డు మీద ఓ పాజిటివ్ అని రాశారు. ఇప్పుడు స్కూల్లో చేర్చడానికి పరీక్ష చేయిస్తే ఏ పాజిటివ్ వచ్చింది. కోడలిది ఏ, మా వాడిది ఓ. రక్తం మారుతుందా? ఆసుపత్రిలో బిడ్డలు మారిపోయారేమో అని చుట్టాలు అంటుంటే కోడలు అన్నం తినడం లేదు.
– ఒక నాయనమ్మ, నెల్లూరు

జవాబు: పెద్దమ్మా, ముందు కోడలికి అన్నం పెట్టి తర్వాత ఇది చదివి వినిపించండి. తల్లి ఏ, తండ్రి ఓ అయితే బిడ్డ ఏ కావచ్చు, ఓ కావచ్చు. ఈ కార్డు పట్టుకుని బిడ్డ మారిందనడానికి ఏ ఆధారమూ లేదు.

గ్రూపు మారలేదు, గుర్తు చిక్కబడింది. ఎర్రకణం మీద ఏ, బి గుర్తులంటే చక్కెర గొలుసుల చివర తగిలించిన ముక్కలు. పుట్టిన బిడ్డలో ఆ గొలుసులకి కొమ్మలు తక్కువ, గుర్తు పట్టడానికి చోట్లూ తక్కువ. రెండు నుంచి నాలుగేళ్ల వయసుకి పెద్దవాళ్లలాగా కొమ్మలు వేసి గుర్తు గట్టిపడుతుంది. (చిన్న ఐ, పెద్ద ఐ అని ఇంకో గుర్తు ఉంది, పుట్టినప్పుడు చిన్న ఐ ఉండి, ఏడాదిన్నర, రెండేళ్లకి పెద్ద ఐగా మారిపోతుంది. అదీ ఈ కొమ్మల కథే.) కాబట్టి ఏ గ్రూపులోనే బలహీనమైన రకం ఉన్న బిడ్డని పుట్టినప్పుడు పరీక్షిస్తే ఓ అని కనిపించే వీలుంది. పెద్దవాళ్లకైతే కణాలతో ఒకసారి, సీరంలో యాంటీబాడీలతో ఇంకోసారి చూసి రెండూ కలిస్తేనే గ్రూపు రాస్తాం. పసిబిడ్డకి సొంత యాంటీబాడీలు నాలుగు నుంచి ఆరు నెలలకి గానీ రావు, ఉన్నవి తల్లి నుంచి వచ్చినవే, కాబట్టి రెండో పరీక్ష కుదరదు. అందుకే పుట్టినప్పటి గ్రూపు తాత్కాలికమే అంటాం. చేత్తో రాసేటప్పుడు పక్క బిడ్డ గ్రూపు పడి ఉండొచ్చు కూడా, అదీ జరిగే పొరపాటే.

పాపని బ్లడ్ బ్యాంకుకి తీసుకెళ్లి రెండు రకాల పరీక్షా చేయమని అడగండి. పాత కార్డు, కొత్త రిపోర్టు రెండూ వెంట తీసుకెళ్లి, ముందు ఓ అని వచ్చిందని అక్కడి టెక్నీషియన్‌కి నోటితో కూడా చెప్పండి, బలహీనమైన ఏ ఉందేమో అని వాళ్లు ప్రత్యేకంగా చూస్తారు.